పదహారు మూలల చక్రం

కోదండం రెండేళ్లపాటు నోరు విప్పలేదు. మూగవాడేం కాదు. మొక్కు అంతకన్నా కాదు. కలకత్తాలో ఖిదిర్‌పూర్ రేవులో ఓడలకెక్కే సరుక్కి చెక్కపెట్టెలు కొడుతూ సగం జీవితం గడిపిన మనిషి. ఇంతలో ఎక్కడినుంచో ఇనప డబ్బాలు దిగాయి, కంటైనర్లట. సరుకంతా వాటిలోకి పోయింది. పెట్టెలు కొట్టే షెడ్డు మూసేశారు. యూనియన్ వాళ్లు ఎర్రజెండాలు పట్టుకుని గేటు ముందు కూర్చున్నారు, లేచారు, మళ్లీ కూర్చున్నారు. షెడ్డు మాత్రం తెరుచుకోలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి సుత్తి మూలన పడేసిన కోదండం, మాటల్ని కూడా ఆ మూలనే పడేశాడు.

అన్నం పెడితే తినేవాడు, చాలనిపిస్తే చెయ్యి అడ్డం పెట్టేవాడు. అంతే. భార్య సుందరి అసలే వాగుడుకాయ. పుట్టింటివాళ్లు శ్రీకాకుళం నుంచి రైలెక్కించేటప్పుడు ఆ పిల్ల నోరు చూసే భయపడ్డారు. అలాంటి మనిషికి ఇంట్లో ప్రశ్నా తనే, జవాబూ తనే అయిపోయింది. "ఇయాల కూర ఏటి సెయ్యమంటావ్ మావా? బెండకాయా? సరే, బెండకాయే" అని తనే అడిగి, తనే ఒప్పుకుని, తనే వండేది. అత్త ముసలమ్మ ఉంది, ఉన్నా ఏం లాభం, ఆవిడతో మాట్లాడితే తగువే. రేయింబవళ్లు పక్కనే ఉన్న మొగుడి గొంతు ఎలా ఉంటుందో మరిచిపోతానేమోనని సుందరికి నిజంగా భయం పట్టుకుంది.

అదిగో, సరిగ్గా అప్పుడు దిగింది ఆ మిషను. ఊరవతల లిలువాలో మూతపడిన ఒక చిన్న కార్ఖానాలో తుప్పుపట్టిపోతుంటే, పక్కింటి బైరాగి చూసొచ్చి చెప్పాడు. కోదండం తలూపి, రేవులో షెడ్డు మూసినప్పుడు చేతికొచ్చిన డబ్బు తీసిచ్చాడు. బైరాగి రేవు కూలీ, వరసకి తమ్ముడు, కాళ్లు ఒకచోట నిలవవు, నోరు అసలు నిలవదు. వాడే ముందుండి లారీ మాట్లాడాడు. ఇనప బల్ల, దాని మధ్యలోంచి పైకి లేచిన గుండ్రటి రంపం బ్లేడు, కింద మోటారు. మిగతా సామానంతా గోనెసంచిలో విడిగా వచ్చింది. తమ తెలుగు సందు చివర రేకుల షెడ్డులో దాన్ని దింపాక, కోదండం గోనెసంచి విప్పి ఒక్కొక్కటే బయటికి తీశాడు. తీసి, చుట్టూ చూసి, నోరు తెరిచాడు.

"ఒలే, కిరసనాయిలు తే" అన్నాడు.

సుందరి ఎగిరి గంతేసింది. కిరసనాయిలు డబ్బా కోసం పరిగెత్తిన మనిషి, దారిలో కనబడిన ప్రతివాళ్లకీ మా ఆయన మాట్లాడాడని చెప్పుకుంటూ పోయింది. వినేవాళ్లు ముక్కు మీద వేలేసుకున్నారు. మొగుడు కిరసనాయిలు అడిగితే పండగ చేసుకునే ఆడదాన్ని ఆ సందులో ఎవరూ చూడలేదు మరి.

ఆ రోజు మొదలు, సంచిలోంచి ఏ వస్తువు బయటికొస్తే దాని గురించి నాలుగు మాటలు బయటికొచ్చేవి. పొడుగాటి ఇనప పట్టీ ఒకటి, దాన్ని అడ్డు అంటారు. చెక్క పక్కకి జారకుండా దాని వారగా నడుస్తుంది. ఆ అడ్డు బ్లేడుకి వెంట్రుకవాసి వంకరున్నా చెక్క ఇరుక్కుని వెనక్కి ఎగిరి గుండెల మీద తంతుందని కోదండం చెప్పాడు. అది సరిచూడ్డానికి బ్లేడు పళ్లలో ఒకదానికి సున్నం బొట్టు పెట్టేవాడు. ఆ పన్ను ముందుకొచ్చినప్పుడు అడ్డుకీ దానికీ ఎంత దూరమో కొలిచి, అదే పన్నుని చేత్తో వెనక్కి తిప్పి మళ్లీ కొలిచేవాడు. రెండూ ఒకటయ్యేదాకా సుత్తితో టక్కుటక్కుమని తట్టేవాడు. ఇంకొకటి కోణం గైడు, అర్ధచంద్రంలాంటి ఇత్తడి బిళ్ల, బల్లమీది గాడిలో ముందుకీ వెనక్కీ జారుతుంది. ఏ వాలులో బిగిస్తే చెక్క ఆ వాలులో తెగుతుంది. దానికొక పొడుగాటి టేకుపట్టీ మరలతో బిగించాడు, పెద్ద చెక్కలకి వెనక దన్ను ఉండాలని. సుందరికి సగం అర్థమయ్యేది, సగం అయ్యేది కాదు. అయినా ఊ కొడుతూనే ఉండేది. ఊ కొట్టే అవకాశం రావడమే ఆవిడకి గొప్ప.

భాద్రపదం వచ్చేసరికి పేటలో దుర్గాపూజ క్లబ్బువాళ్ల హడావుడి మొదలైంది. క్లబ్బు సెక్రటరీ నిమాయ్‌దా, తెల్ల పైజమా, చంకలో గొడుగు, ఏ మాటా పూర్తిగా నమ్మని మొహం. ఈసారి అమ్మవారి తలపైన పదహారు పలకల చెక్క చక్రం వేలాడదీసి దాని చుట్టూ దీపాలు కట్టాలని వాళ్ల ఆలోచన. మనిషి పొడుక్కి రెండింతల అడ్డకొలత. ఎప్పుడూ చేసే వడ్రంగులు ఏదో పెద్ద పందిరి ఒప్పుకుని పోయారు. షెడ్డులోకి తొంగిచూసి, "బాక్షో మిస్త్రీ, హోబే?" అని అడిగాడు నిమాయ్‌దా. పెట్టెల మేస్త్రీ, అవుతుందా అని. పెట్టెల మేస్త్రి అన్న మాట కోదండానికి చురుక్కుమంది. పెట్టె కొట్టేవాడు మేకుతో అతుకుతాడే గాని మూల కలపలేడని వడ్రంగుల్లో ఓ చిన్నచూపు. "హోబే" అన్నాడు తలెత్తి.

క్లబ్బు కొలిచి చెక్క పంపింది, ఒక్క పలక కూడా మిగలకుండా. ఆదివారం సాయంత్రం క్లబ్బు మైదానంలో చక్రం పేర్చి చూపాలి. కలిస్తే పందిట్లోకి ఎక్కుతుంది, కలవకపోతే గుడ్డ కప్పు కట్టేసి సరిపెట్టుకుంటాం అన్నాడు నిమాయ్‌దా. ఇది తప్పితే మిషను అమ్మేసి షాలిమార్ రైలు యార్డులో మూటలు మోస్తానని కోదండం ఇంట్లో చెప్పేశాడు. మూటలు మోస్తాడన్నది సుందరికి దిగులు కాదు, ఒళ్లు వంచే మనిషే. మళ్లీ మూలన కూర్చుని గోడకేసి చూస్తాడేమో, ఈసారి అసలు తిరిగి చూడడేమో, అదీ ఆవిడ దడ.

పదహారు పలకలంటే ముప్ఫైరెండు కోతలు. ఒక్కో కోతలో పిసరంత తేడా వస్తే ముప్ఫైరెండు పిసర్లు కూడి చివరికి పలకకీ పలకకీ మధ్య పెద్ద సందు పడుతుంది. అందుకని కోదండం పనికిరాని చెక్కముక్కల మీద కోణం గైడుని సరిచేసుకుంటూ కూర్చున్నాడు. కోస్తాడు, రెండు ముక్కలూ కావలసిన వాలులో బిగించిన వాలుమట్టానికి ఆనించి చూస్తాడు, తల అడ్డంగా ఊపుతాడు, గైడు మర ఒక్క వెంట్రుక వదులు చేసి మళ్లీ కోస్తాడు. ఆఖరికి ముక్కలన్నీ ఇంచక్కా అతికాయి. మర గట్టిగా బిగించి, ఇంక దీన్ని దేవుడొచ్చినా కదపగూడదన్నాడు.

దేవుడే వచ్చాడు. మర్నాడు విశ్వకర్మ పూజ. కలకత్తాలో ఆ రోజు ఏ మిషనూ తిరగదు, ఆకాశం నిండా గాలిపటాలు, ప్రతి షెడ్డు ముందూ మైకు. బెంగాలీలు మిషన్లకి నూనె సిందూరం పూస్తారు. మనవాళ్లకి అదేం సరిపోతుంది? పసుపు ముద్ద ఉండాలి, పైన కుంకుమ ఉండాలి, దానిమీద అక్షింతలు అద్దాలి. బొట్టు పల్చగా పెడితే పిసినారితనమని ముసలమ్మ సిద్ధాంతం. అత్తాకోడళ్లిద్దరూ మోటారుకి, స్విచ్చికి, అడ్డుకి, బల్ల నాలుగు మూలలకి బొట్లు పెట్టుకుంటూ పోయారు. కోణం గైడుకి పెట్టేటప్పుడు సుందరి తెలివిగా ఆలోచించింది. బ్లేడు పక్కన పెడితే మొగుడి చెయ్యి తగిలి చెరిగిపోతుంది కదా! అందుకని టేకుపట్టీ దూరపు కొసన, చెక్క ఆనే వైపు, బాగా కనబడేలా పెట్టింది. కానీబిళ్లంత పసుపు, దానిమీద కుంకుమ, మధ్యలో రెండు గింజలు. మూడు రోజులకి అది ఎండి రాయైంది.

పండగ సందడి అణిగాక కోదండం దండం పెట్టుకుని కోత మొదలెట్టాడు. ఎంత హుషారు! బ్లేడు గుయ్యిమంటుంటే పొట్టు వెదజల్లుకుంటూ ముక్కలు ఒకదాని తరవాత ఒకటి పడ్డాయి. బైరాగి అందించేవాడు, సుందరి పేర్చేది. తెల్లటి పలకల అంచున ఎర్రటి చుక్క అంటుకుని వస్తుంటే ఆవిడ కళ్లకద్దుకుంది. అమ్మవారి పని కాబట్టి చెక్కలకి వాటంతటవే బొట్లు పడుతున్నాయని మురిసిపోయింది.

సాయంత్రం సందులో పలకలన్నీ గుండ్రంగా పేర్చారు. సందులోవాళ్లంతా చూడ్డానికొచ్చారు. పదిహేను అతుకులూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఆఖరి మూల దగ్గరకొచ్చేసరికి జానెడు సందు. జానెడంటే జానెడే, బైరాగి చెయ్యి పెట్టి మరీ చూపించాడు. ఒకవైపు లాగితే ఇంకోవైపు నోళ్లు తెరుచుకున్నాయి. మేకులు కొట్టి లాగేద్దాం అని ఎవరో అన్నారు. ఆ మాటతో కోదండం మళ్లీ పెట్టెల మేస్త్రి అయిపోయాడు. లేచి లోపలికెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు లేచి ఒక్క మాటా లేకుండా బ్లేడు పంటికి సున్నం బొట్టు పెట్టి అడ్డు కొలిచాడు, సరిగ్గా ఉంది. గైడు దగ్గర వాలుమట్టం పెట్టి చూశాడు, ముందు పెట్టుకున్న వాలు కొంచెం కూడా చెదరలేదు. ఆ మట్టం చిన్నది, ఇత్తడి బిళ్ల దాటి నాలుగు వేళ్లు ఆనుతుందంతే. పట్టీ చివరిదాకా పోదు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, చక్రం మాత్రం కలవదు. ఇంక చూసేదేముందని మట్టం బల్లమీద పడేసి వెళ్లి మళ్లీ పడుకున్నాడు. సుందరి పిలిచింది, బతిమాలింది, తిట్టింది. పలుకు లేదు. ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది. ఇంట్లో ఏడిస్తే అత్త చూస్తుందని షెడ్డులోకెళ్లి ఆ పలకల మధ్య కూలబడింది.

కూలబడి ఏడుస్తూ ఏడుస్తూ ఒక పలక తీసి చూసింది. అంచున రెండు ఎర్ర చుక్కలు, ఈ కొసకి అంత దూరంలో ఒకటి, ఆ కొసకి అంతే దూరంలో ఒకటి. ఇంకో పలక తీసింది. అదే చోట రెండు. మూడోదీ అంతే. ఏడుపు దానంతటదే ఆగిపోయింది. లేచి, పలక పట్టుకెళ్లి గైడు పట్టీకి ఆనించింది. చుక్క వెళ్లి సరిగ్గా తను పెట్టిన బొట్టు మీద కూర్చుంది. పలక ఆ బొట్టు మీద ఆనుకుని, ఆ కొసన పట్టీకి బియ్యపు గింజంత ఎడంగా నిలబడింది.

ఇన్నాళ్లూ అందరూ ఆ బొట్టుని చూస్తూనే ఉన్నారు. దండం కూడా పెట్టారు. బొట్టుకి మందం ఉంటుందని ఎవడికీ తట్టలేదు. సుందరి పలక చంకన పెట్టుకుని ఇంట్లోకి ఒక్క ఉరుకు ఉరికింది.

"మావా, ఇటు సూడు. పెతి సెక్కకీ రెండేసి బొట్లు, ఒకే కాడ. నానెట్టిన బొట్టే నీ సెక్కని ఎత్తేసింది."

కోదండం కదల్లేదు. కదిలింది ముసలమ్మ. కోడలు తడిగుడ్డ అందుకుంటున్న సంగతి చూసి ఒంటికాలి మీద లేచింది.

"మొగుడు సెయ్యెట్టే మిసనది. దాని బొట్టు తుడుస్తావేటే? నా కొడుకు సేతివేళ్లు నీకు బరువైపోనాయేటి?"

సుందరి చేతిలో గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. ముత్తయిదువ చేత్తో పెట్టిన బొట్టు, అదే చేత్తో తుడవడం, అదీ గిర్రున తిరిగే బ్లేడు పక్కన. అపశకునమని ఆవిడకీ తెలుసు. తుడవకపోతే చక్రం లేదు. చక్రం లేకపోతే ఈ మనిషి ఇంక గోడకే అంకితం. ఎటూ తోచక, ఆ వాగుడుకాయ మొదటిసారి నోరు మూసుకుని నిలబడిపోయింది.

అప్పుడు గోడవైపు నుంచి మాట వచ్చింది.

"తుడవొద్దు. పట్టీని తిప్పేద్దుం."

లేచి కూర్చున్నాడు కోదండం. పలక లాక్కుని చుక్కలు చూశాడు. సుందరి మొహం చూశాడు. చొక్కా కూడా వేసుకోకుండా షెడ్డువైపు పరిగెత్తాడు. వెనకాల సుందరి, ఆవిడ వెనకాల ముసలమ్మ, కోదండం మాట్లాడాడన్న కబురు గోడకి అవతల విని బైరాగి. మరలు విప్పి టేకుపట్టీని ఇటుది అటు తిప్పి బిగించాడు. బొట్టు వెనక వైపుకి పోయింది. బొట్టుకి బొట్టూ ఉంది, చెక్క ఆనే వైపు నున్నగానూ ఉంది. ముసలమ్మ వంగి వెనక్కి వెళ్లి చూసి, చెక్కు చెదరలేదని తృప్తిపడి, అయితే సరే కానివ్వండంది.

పనికిరాని ముక్క ఒకటి కోశాడు, వాలుమట్టానికి ఆనించి వెలుతురుకి పట్టాడు. సన్నటి వెలుగు గీత కూడా కనబడలేదు. కోదండం చంకలు గుద్దుకున్నాడు. ఇప్పుడు పలకలన్నిటికీ రెండు కొసలా అర వేలు అర వేలు తీస్తే చాలు. చక్రం కాస్త చిన్నదవుతుంది, ఎవడూ పట్టించుకోడు. కానీ ఈసారీ తప్పితే మళ్లీ తియ్యడానికి చెక్క లేదు. అందుకని పలకలన్నీ ఒకే పొడుగు రావడానికి పట్టీ మీద ఒక చిన్న దిమ్మ బిగించి, దానికి ఆనించి కోయడం మొదలెట్టాడు. బల్లమీద పొట్టు పడగానే సుందరి గైడు గాడిని కుంచెతో ఊడ్చేది. ఈసారి బియ్యపు గింజ కాదు, ధూళి కూడా ఉండగూడదని ఆవిడ పంతం.

ఇంకా నాలుగు పలకలుండగా కరెంటు పోయింది. లోడ్ షెడ్డింగ్! కలకత్తాలో బతికేవాడికి అదేం కొత్త కాదు, కానీ ఆ సాయంత్రం అందరి పై ప్రాణాలు పైనే పోయాయి. గైడుని ఎవరూ ముట్టుకోగూడదని కోదండం గట్టిగా చెప్పాడు. ముసలమ్మ ఒక పీట తెచ్చుకుని మిషను పక్కన కాపలా కూర్చుంది, విసనకర్ర ఆడిస్తూ, దగ్గరికొచ్చిన ప్రతివాణ్నీ దానితోనే తోలుతూ. బైరాగి కాలుగాలిన పిల్లిలా సందులో తిరిగాడు. కరెంటు వచ్చేసరికి పొద్దు వాలింది. పూర్తిగా చీకటి పడకముందే ఆఖరి పలక తెగింది.

ఆదివారం మైదానం నిండిపోయింది. తెలుగు సందంతా అక్కడే, బెంగాలీలు, బీహారీ రేవు కూలీలు కూడా. పలకలు పేరుస్తున్నంతసేపూ కోదండం చెమటలు కక్కాడు. పదిహేనో పలక పెట్టగానే ఇంక తనవల్ల కాదని వెనక్కి తిరిగి నిలబడ్డాడు. ఆఖరి పలక సుందరి తీసుకుంది. మోకాళ్ల మీద కూర్చుని మెల్లిగా సందులోకి జార్చింది. కాస్త బిగుతుగా ఆగింది. బైరాగి చెక్క సుత్తి అందించాడు. ఒక్క దెబ్బ. టప్‌మని కూర్చుంది. చుట్టూ తాడు బిగిస్తే ఎక్కడా నోరు తెరవలేదు.

నిమాయ్‌దా జేబులోంచి ట్రాము టిక్కెట్టు తీసి, వంగి, ఆ అతుకులో దూర్చబోయాడు. పోలేదు. పక్క అతుకులో చూశాడు. పోలేదు. చక్రం చుట్టూ వంగి వంగి తిరిగి, చివరికి నలిగిపోయిన టిక్కెట్టు పారేసి, "కోదండం మిస్త్రీ" అన్నాడు. పెట్టెల మేస్త్రి అనలేదు. మైదానం గోలెత్తిపోయింది, ఎవడో పూజకి వాయించే ఢాకు డోలు కూడా వాయించేశాడు, పండగ రాకముందే.

కోదండం తిరిగి చూశాడు. ఆ తరవాత మొదలెట్టాడండీ!

మైదానంలో మొదలైంది గొంతు, ట్రాము డిపో దాటినా ఆగలేదు. కోణం గైడు గురించి చెప్పాడు, వచ్చే ఏడు ముప్ఫైరెండు పలకలతో చేస్తానన్నాడు, రేవులో పెట్టెలు కొట్టిన రోజుల్లో ఏ ఓడకి ఏ చెక్క వాడారో చెప్పాడు, పెట్టెల షెడ్డు మూసిన రోజు తనకేమనిపించిందో చెప్పాడు. సుందరికి ఊ కొట్టే సందు కూడా దొరకలేదు. ఇంటికొచ్చి అన్నాలకి కూర్చున్నా ముద్ద చేతిలోనే ఉంది, మాట నడుస్తూనే ఉంది. ముసలమ్మ చెవులు మూసుకుంది.

"ఒలే, నీ మొగుడి నోరు కాసేపు మూయించే. సెవులు సిల్లులు పడతన్నాయి."

సుందరి కొంగుతో కళ్లు తుడుచుకుని, చల్లారిపోయిన అతని కంచంలో వేడి చారు ఇంకో గరిటె పోసింది.

"మాటాడనియ్ అత్తా" అంది.